టీ వేడిగా తాగాలనుకోవడం కూడా తప్పేనా?

పేరు, ఊరు రాయకుండా ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం పంపారు. ఆమెకు 34 ఏళ్లు. పెద్దమ్మాయికి 8, బాబుకి 5, చిన్నదానికి 14 నెలలు. ఇంట్లోనే కూర్చుని రోజుకు నాలుగు గంటలు ఒక కంపెనీకి లెక్కలు చూస్తారు. ఆదివారం సండే స్కూల్లో చిన్నపిల్లల తరగతి ఆమెదే. భర్త మంచివాడేనని, అడిగితే కాదనడని, అడగడమే తనకు చేతకాదని రాశారు.

ఆమెకు కొన్ని ఇష్టాలున్నాయి. నీలం గీతల పింగాణీ కప్పులో టీ. రోజూ రెండు ముక్కలు రాసుకునే నోట్‌బుక్. గిన్నెలు కడిగేటప్పుడు చెవిలో పాటలు. సింకు పక్క కిటికీలో ఒక మొక్క. పిల్లలు పడుకున్నాక వెలిగించే సువాసన కొవ్వొత్తి. "ఇవి ఉన్న రోజు మనిషిలా ఉంటాను, లేని రోజు పిల్లల మీద అరుస్తాను" అన్నది ఆమె మాట.

స్త్రీల కూడికలో ఒకసారి, ఎవరికి ఏది సంతోషాన్నిస్తుందో చెప్పమంటే ఈమె తన టీ కప్పు గురించి చెప్పారు. సంఘంలో పెద్దావిడ ఒకరు నవ్వుతూనే, "మన సంతోషం ప్రభువేనమ్మా, కప్పులూ సాసర్లూ కాదు" అన్నారట. ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ తల్లి, పంతొమ్మిది మందిని కన్న సుసన్నా వెస్లీ ఏప్రాన్ తల మీద కప్పుకుని ప్రార్థన చేసుకునేదని కూడా గుర్తుచేశారట. ఆ రోజు నుంచి టీ గొంతు దిగడం లేదని ఈమె బాధ.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోన్‌లో వేరే క్రైస్తవ తల్లులు పెట్టే 'నాకిష్టమైన వస్తువులు' చూసి కొన్న తోలు అట్ట ప్రార్థన డైరీ, రంగు పెన్నుల సెట్టు, వాక్యం చెక్కిన పలక, మూడు కొవ్వొత్తులు అల్మారాలోనే పడి ఉన్నాయి. భర్త ఒకసారి తలుపు తీసి చూసి, ఏమీ అనకుండా మూసేశారు. అన్నా ఇంత బాధ ఉండేది కాదంటున్నారు. తెల్లవారుజామున ఐదింటికి లేచి వాక్యం చదువుకుందామంటే, ఎంత చప్పుడు చేయకుండా లేచినా చిన్నది పది నిమిషాల్లో లేచి కూర్చుంటోంది. ఉత్తరం చివర్లో ఇలా ఉంది: "ఈ మధ్య కొన్ని రోజులు కప్పు చేతిలో ఉన్నా ఏమీ అనిపించడం లేదు. ఇవన్నీ వదిలేయనా, ఉంచుకోనా? సండే స్కూల్ మానేస్తే దేవునికి కోపం వస్తుందా?"

సోదరీ, మీ చివరి ప్రశ్నల కంటే వాటి ముందు వాక్యమే నన్ను ఆపింది. ముందు దాని సంగతి చూద్దాం.

ఇష్టమైన పని చేయడానికి టైము లేకపోవడం వేరు, చేస్తున్నా ఏమీ అనిపించకపోవడం వేరు. మొదటిది పనుల సర్దుబాటుతో తీరుతుంది. రెండోది ఒక్కోసారి ఒంటి సంగతి. ఇష్టమైన వాటి మీద ఆసక్తి పోవడం, లేదా మనసు దిగులుగా ఉండడం, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకు మించి ఉంటే, దానికి తోడు చిన్నది నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, ఆకలి తప్పడం, 'నేను పనికిరాను' అనే ఆలోచన ఉంటే డాక్టరుకు చూపించుకోండి. కాన్పు తర్వాతి డిప్రెషన్ మొదటి నెలల్లోనే రావాలని లేదు, ఏడాది దాటాక బయటపడేవీ ఉంటాయి. మూడు కాన్పుల తర్వాత రక్తం తగ్గి ఉండవచ్చు. కాన్పయిన ఏడాదిలో థైరాయిడ్ అటూఇటూ అయి, ఎవరూ గమనించకపోవచ్చు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు అడగండి. మూడింటికీ ఒక్కసారి రక్తం తీస్తే సరిపోతుంది. చచ్చిపోతే బాగుండుననో, పిల్లలకు ఏదైనా చేస్తానేమోననో ఆలోచన వస్తే మాత్రం రెండు వారాలు లెక్కపెట్టకండి. ఆ రోజే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. ప్రార్థన ఆపమని ఎవరూ అనరు. ప్రార్థన చేసుకుంటూనే మాత్ర వేసుకోవచ్చు.

'కొన్ని రోజులు' అన్నారు కాబట్టి, మధ్యలో బాగున్న రోజులు కూడా ఉన్నాయనుకుని మిగతాది రాస్తున్నాను.

ఇక పెద్దావిడ మాట. ఆవిడ అన్నది అబద్ధం కాదు, కాకపోతే సగం. 1 తిమోతి 6:17 తీసి చూడండి. ధనవంతులకు చెప్పమని పౌలు రాసిన మాట అది. నిలకడలేని ధనం మీద నమ్మకం పెట్టుకోవద్దన్నది మొదటి సగం. మనం అనుభవించడానికే అన్నీ ధారాళంగా ఇచ్చే దేవుని మీద నమ్మకం పెట్టుకోమన్నది రెండో సగం. ఆవిడ మొదటి సగం పట్టుకున్నారు, మీరు రెండోది పట్టుకున్నారు. వచనం మాత్రం ఒకటే. అల్మారాలో వస్తువుల దగ్గర మీకు మొదటి సగం అవసరం, కప్పు దగ్గర రెండోది అవసరం. రెండింటినీ కలిపేసి ఒకే తీర్పు చెప్పుకున్నారు కాబట్టే గొంతు దిగడం లేదు.

ఏలీయా ప్రవక్త సంగతి కూడా చూడండి, 1 రాజులు 19. ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని బదరీచెట్టు కింద పడుకున్న మనిషికి దూత ముందు ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపినప్పుడు కూడా తినమనే అన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాత, హోరేబు దగ్గర. యేసు కూడా శిష్యులకు తినడానికైనా తీరిక లేని రోజున పక్కకు వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నాడు, మార్కు 6:31. అలసిన ఒంటికి కాస్త సేద తీర్చడం భక్తికి అడ్డం అని ఈ రెండు చోట్లా కనబడదు.

సుసన్నా వెస్లీ గురించి ఒక మాట. ఆమె 1669లో పుట్టి 1742లో చనిపోయింది. పంతొమ్మిది మందిని కన్నది, తొమ్మిది మంది పసితనంలోనే పోయారు. ఏప్రాన్ కథ తరతరాలుగా చెప్పుకునేది, కాదనను. అయితే ఆ ఇంట్లో పనివాళ్లు ఉండేవారు. ఇంకో సంగతి ఆమె ఉత్తరాల్లోనే ఉంది: వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు కేటాయించి, ఆ బిడ్డతో విడిగా కూర్చునేది. అంటే ఆమె కూడా సమయాన్ని కంచె వేసి కాపాడుకున్న మనిషే. అలసిన తల్లిని అదిలించడానికి ఆమె పేరు వాడటం ఆమెకే అన్యాయం.

మరి ఇష్టం ఎక్కడ గాడి తప్పుతుంది? మూడు చోట్ల గమనించండి. టీ తాగుతుండగా బాబు వచ్చి చొక్కా లాగితే విసుగు రావడం మామూలే. కానీ ఆ విసుగు మధ్యాహ్నం దాకా పోకపోతే, ఆ కప్పు మీద మీరు మోయలేనంత బరువు పెట్టారని అర్థం. కొన్నదాన్ని భర్తకు కనబడకుండా దాచాలనిపిస్తే, అది ఇష్టం కాదు, ఇంకేదో. ఇక మూడోది: వాడే నిమిషాల కంటే వెతికే నిమిషాలు ఎక్కువైతే. రాత్రి పదకొండింటికి ఫోన్‌లో కొవ్వొత్తులు చూస్తూ గంట గడిపి, వెలిగించడానికి పది నిమిషాలు లేవంటే అక్కడ జరుగుతున్నది కొనుగోలే, విశ్రాంతి కాదు. మీ ఉత్తరం ప్రకారం మొదటి రెండూ లేవు. మూడోది కొంచెం ఉంది.

తెల్లవారుజాము విషయంలో తప్పు మీది కాదు, నిద్రది. రాత్రి మొదటి భాగంలో నిద్ర గాఢంగా ఉంటుంది, తెల్లవారే వేళకు పలచబడుతుంది. నాలుగు నుంచి ఆరు మధ్య పసిపిల్లలు చిన్న అలికిడికే లేస్తారు. అదే గదిలో పడుకుంటే మీ కదలికే చాలు. కాబట్టి ఇంకా నిశ్శబ్దంగా లేవడం ఎలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. మీ ముందు మూడు దారులున్నాయి. దేనికుండే నష్టం దానికుంది.

తెల్లవారుజామునే ఉంచుకోవాలంటే, మీరు పడుకునే వేళ ముందుకు జరగాలి. ఐదింటికి లేవాలంటే పదింటికల్లా నిద్రలో ఉండాలి. అంటే రాత్రి కొవ్వొత్తి వేళ పోతుంది. బైబిలు, కళ్లద్దాలు, పెన్సిలు ముందురాత్రే వేరే గదిలో పెట్టుకోవాలి. ఆ గంట చిన్నది లేస్తే చూసుకునే బాధ్యత వారంలో మూడు రోజులు మీ వారిది కావాలి. ఇవి కుదిరితే లోతుగా చదివే సమయం దొరుకుతుంది. పడుకునే వేళ మార్చకుండా లేచే వేళ మాత్రం మారిస్తే కొద్ది రోజుల్లోనే నీరసించిపోతారు. పెందలాడే లేచి, పొద్దుపోయాక పడుకుని కష్టపడడం వ్యర్థమని చెప్పే 127వ కీర్తన రెండో వచనం అలాంటి వాళ్ల కోసమే ఉంది.

రెండో దారి, చిన్నదాని పగటి నిద్ర. ఇక్కడ చాలామంది చేసేది, 'ముందు ఆఫీసు పని ముగిద్దాం, చివర్లో వాక్యం' అని. ఆ చివర రాదు. బిడ్డ ఎప్పుడు లేస్తుందో తెలియదు కాబట్టి చివరి పావుగంట ఎప్పుడూ మునిగిపోతుంది. మొదటి పావుగంట తీసుకోండి. పిల్ల పడుకోగానే కూర్చోండి, లాప్‌టాప్ తెరవకండి. తెరిస్తే అయిపోయినట్టే. నష్టం ఏమిటంటే, 13 నుంచి 18 నెలల మధ్య పిల్లలు రెండు పగటి నిద్రల నుంచి ఒకదానికి మారతారు. మీ పాప సరిగ్గా ఆ వయసులో ఉంది. కొన్ని వారాలు వేళలు తలకిందులవుతాయి. అప్పుడు 'నా క్రమం చెడిపోయింది' అని మొత్తం వదిలేయకుండా, ఇది వస్తుందని ముందే తెలిసి ఉంటే చాలు.

మూడోది, రోజంతా చిన్న చిన్న ముక్కలుగా పంచుకోవడం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడేసి నిమిషాలు. దీనికి 120 నుంచి 134 వరకు ఉన్న యాత్రకీర్తనలు చక్కగా సరిపోతాయి. పదిహేను కీర్తనలు, అన్నీ కలిపి 101 వచనాలే. 132వది ఒక్కటే పెద్దది, 18 వచనాలు. మిగతావేవీ తొమ్మిది దాటవు. 131వది మూడే వచనాలు, పాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర నెమ్మదిగా ఉన్నట్టు నా ప్రాణం ఉందంటాడు కీర్తనకారుడు. చిన్నది ఒళ్లో నిద్రపోతుంటే చదవదగ్గది. ఒకే కీర్తనను రోజంతా మూడుసార్లు చదవండి, మూడు వేరువేరు కీర్తనలు వద్దు. మూడోసారికి అది నోట్లో నిలబడుతుంది. ఈ దారికున్న లోటు లోతు. బైబిల్లో ఒక పత్రికను, అంటే అపొస్తలులు రాసిన ఉత్తరాన్ని, మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చదవడం కుదరదు. దానికి వారంలో ఒక గంటన్నర వేరే కావాలి, దాని సంగతి తర్వాత చెబుతాను.

నన్నడిగితే, వచ్చే ఆరు నెలలకు రెండోదీ మూడోదీ కలిపి నడిపి, పాప నిద్ర కుదురుకున్నాక తెల్లవారుజాము గురించి మళ్లీ ఆలోచించడం మేలు. మందలో పాలిచ్చేవాటిని దేవుడు కాపరిలా మెల్లగా నడిపిస్తాడని యెషయా 40:11లో ఉంది. మంద వేగాన్ని మీరే నిర్ణయించుకోనక్కర్లేదు.

ఇప్పుడు వస్తువుల దగ్గరికి వద్దాం. ఇష్టమైన వస్తువు సంతోషమివ్వాలంటే, నిజంగా ఉన్న ఒక నిమిషానికి అది ముడిపడి ఉండాలి. 'తీరిక దొరికినప్పుడు' అనే నిమిషం మీ రోజులో లేదు. అందుకే ఆ వేళకని కొన్నవన్నీ అల్మారాలో ఉన్నాయి. కప్పు, పాటలు, మొక్క మిగలడానికి కారణం అవి సింకుకూ పొయ్యికీ అతుక్కుని ఉండడమే.

కప్పుతో మొదలుపెడదాం. మీ సమస్య టీ చల్లారడం. పింగాణీ కప్పులో పోసిన టీ త్వరగా చల్లారుతుంది, మళ్లీ మళ్లీ వేడి చేస్తే చేదెక్కుతుంది. రెండు గోడల స్టీలు మగ్గు, మూత ఉన్నది ఒకటి వాడండి. ముందు అందులో మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబోయండి. అప్పుడు టీ పోస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. సగానికి పోస్తే పైన గాలి ఎక్కువై త్వరగా చల్లారుతుంది, అంచుకు ఒక వేలి మందం తక్కువగా నింపండి. పాలు పోసిన టీ గోరువెచ్చగా అయ్యాక గంటల తరబడి ఉంచకండి. పాలలో సూక్ష్మజీవులు పెరిగేది ఆ వేడిలోనే. రెండు గంటల్లో తాగేయండి, లేదా పారబోయండి. పాలు లేని టీ అయితే మధ్యాహ్నం దాకా పరవాలేదు. మగ్గు వాసన వేస్తోందంటే లోపలి కంటే మూతలోని రబ్బరు రింగును అనుమానించండి. రోజూ ఊడదీసి కడగాలి. అయినా పోకపోతే గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా వంట సోడా వేసి అరగంట నానబెట్టండి.

నీలం గీతల కప్పును మాత్రం వదలకండి. మగ్గులోంచి కొంచెం కొంచెం కప్పులో పోసుకుని తాగండి. రోజులో ఒక్కసారైనా. కాకపోతే చిన్నది ఒళ్లో ఉన్నప్పుడు వద్దు. పోసి పావుగంటయిన టీ కూడా పసిదాని చర్మాన్ని బొబ్బలెక్కించగలదు, బల్లమీది గుడ్డ ఒక్క లాగు లాగితే చాలు. మధ్యాహ్నం రెండు దాటాక టీ వద్దు. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, మీకున్న కాస్త నిద్రనూ అది కొరుకుతుంది. రక్తం తక్కువని తేలితే భోజనానికి అటూ ఇటూ గంటసేపు టీ మానండి, టీలోని టానిన్లు ఇనుమును పట్టనివ్వవు.

నోట్‌బుక్‌కు వస్తే, తోలు అట్ట డైరీ మీకు ఎందుకు పనికిరాలేదో తెలుసా? అది మరీ అందంగా ఉంది. అందులో రాసేది కూడా అంత అందంగా ఉండాలనిపించి చెయ్యి ఆగిపోతుంది. ఏప్రాన్ జేబులో పట్టే చిన్న నోట్‌బుక్, పై అంచున స్ప్రింగు ఉన్నది, దానికి దారంతో కట్టిన పొట్టి పెన్సిలు చాలు. పెన్సిలైతే తడి చేత్తో ముట్టుకున్నా అలుక్కుపోదు, పిల్లలు మూత పారేసే బాధ లేదు. రాసేటప్పుడు 'కుటుంబం కోసం, ఆరోగ్యం కోసం వందనాలు' అని రాయకండి. అది మూడో రోజుకే చప్పబడుతుంది, నాలుగో రోజు ఆగిపోతుంది. ఆ రోజే జరిగినది, ఇంకో రోజు రాయలేనిది రాయండి. "బాబు ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని, నేనే వేసుకున్నానని చూపించాడు. వందనం ప్రభువా." అంతే. ఒకటి, ఎక్కువైతే రెండు. ఒక రోజు రాయలేదంటే మర్నాడు రెండు రోజులవి కలిపి రాసే పని పెట్టుకోకండి. బాకీ మొదలైన నోట్‌బుక్ ఎక్కువ కాలం బతకదు.

రంగు పెన్నులు బైబిల్లో గీతలు గీయడానికి కొన్నట్టున్నారు. బైబిలు కాగితం మామూలు నోట్‌బుక్ కాగితంలో సగం మందం కూడా ఉండదు. జెల్ పెన్నులు, తడి హైలైటర్లు అవతలి పేజీకి దిగుతాయి. ఆ పెన్నులు పెద్దమ్మాయికి ఇచ్చేసి, మీరు మైనపు రంగు పెన్సిలు వాడండి, లేదా బాల్ పెన్నుతో మెల్లగా గీయండి. ముందు వెనక పేజీలో ఒక మూల గీసి చూడండి.

పాటలకు ఒక చిట్కా. ఫోన్‌లో ముందే దించుకుని, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే రెండో పాట మధ్యలో ఏదో మెసేజ్ వస్తుంది, చేతులు తుడుచుకుంటారు, ఇరవై నిమిషాలు పోతాయి. నాలుగు పాటలంటే సుమారు ఇరవై నిమిషాలు, ఒక పూట గిన్నెలకు సరిపోతాయి. పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు ఒక చెవికే పెట్టుకోండి, శబ్దం అరవై శాతం దాటనివ్వకండి. కొన్నాళ్లకు పాటలు విసుగనిపిస్తే వాక్యం వినండి. ఫిలిప్పీ పత్రిక నాలుగే అధ్యాయాలు, గిన్నెలూ గట్టూ అయ్యేలోపు అయిపోతుంది. ప్రతిరోజూ అదే పత్రిక, వారం రోజులు. కూర్చుని చదవలేని లోటు కొంత ఇక్కడ తీరుతుంది.

మొక్క బాగానే ఉందని రాశారు, దాన్ని అలాగే వదిలేద్దాం. అది ఏ మొక్కో రాయలేదు. మనీ ప్లాంటయితే మాత్రం చిన్నదానికి అందకుండా పెట్టండి, ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. ఇంకొకటి కావాలంటే పుదీనా కాడను కణుపు కింద కోసి, కింది ఆకులు తీసేసి, గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. నీళ్లు రెండు రోజులకోసారి మార్చాలి, లేకపోతే కాడ కుళ్లుతుంది.

కొవ్వొత్తుల్లో ఒకటి ఉంచుకుని రెండు ఎవరికైనా ఇచ్చేయండి. మధ్యలో గుంట పడి, చుట్టూ మైనం మిగిలిపోతోందని రాశారు కదా. మొదటిసారి వెలిగించినప్పుడు పైపొర మొత్తం అంచుదాకా కరిగేవరకు ఆర్పకూడదు. ఏడున్నర సెంటీమీటర్ల వెడల్పున్న దానికి సుమారు మూడు గంటలు పడుతుంది. మీరు పది నిమిషాలకే ఆర్పారు, ఆ తర్వాత ప్రతిసారీ అంతవరకే కరుగుతుంది. ఇప్పటికైనా పై అంచు చుట్టూ అల్యూమినియం రేకు చుట్టి, మధ్యలో మంటకు గాలి ఆడేలా వదిలి, పక్కనే కూర్చుని గంటా రెండు గంటలు వెలిగిస్తే చాలావరకు సమం అవుతుంది. ఒత్తి ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించాలి, పొడుగైతే మసి వస్తుంది. నాలుగు గంటలకు మించి వెలిగించకూడదు. పిల్లలు పడుకున్నాక మీకు మిగిలే వేళ కొద్దే కాబట్టి, ఇన్ని గంటల కొవ్వొత్తి మీ ఇంటికి ఇప్పుడు కుదరకపోవచ్చు. అది పెద్ద నష్టమేమీ కాదు.

వాక్యం చెక్కిన పలక గోడకు కొట్టించేయండి, లేదా ఇచ్చేయండి. అల్మారాలో మాత్రం ఉంచకండి. రోజూ కనబడేది కావాలంటే ఒక అట్టముక్క మీద మీ చేత్తో ఒక వచనం రాసి, సింకు పైన కంటికి ఎదురుగా అంటించండి. రెండు వారాలకోసారి మార్చండి, మార్చకపోతే కన్ను దాన్ని చూడడం మానేస్తుంది.

మీ వారితో రెండు మాటలు మాట్లాడాలి. ఒకటి అల్మారా గురించి. ఆయన అడగకముందే, "ఇవి చూసి ఆశపడి కొన్నానండీ, వాడడం లేదు, కొన్ని ఇచ్చేస్తున్నాను" అని చెప్పేయండి. ఆయన నవ్వేయవచ్చు, లేదా ఖర్చు గురించి ఒక మాట అనవచ్చు. అన్నా సరే, మూసిన తలుపు కంటే ఆ మాట తేలిక. ఇకపై ఫోన్‌లో ఆ తల్లులు పెట్టే జాబితాల్లో ఏదైనా నచ్చితే పేరు, తేదీ నోట్‌బుక్ చివరి పేజీలో రాయండి. నెల తర్వాత కూడా కావాలనిపిస్తే, రోజులో ఏ నిమిషానికో చెప్పగలిగితే, అప్పుడు ఇద్దరూ అనుకుని కొనండి.

రెండోది ఇందాక చెప్పిన గంటన్నర. 'నాకు కాస్త సాయం చేయండి' అంటే ఏ మగాడికైనా ఏం చేయాలో తెలియదు. సరేనంటాడు, ఏమీ మారదు. రోజు, వేళ, పని చెప్పండి: "శనివారం మూడు నుంచి నాలుగున్నర దాకా ముగ్గురినీ మీరు చూసుకోండి. చిన్నదానికి మూడున్నరకు ఏదైనా తినిపించాలి. నేను లోపల గదిలో తలుపేసుకుంటాను." వీలైతే ఇంట్లో కాక బయట, చర్చి హాలు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోండి. తలుపు వెనక ఏడుపు వినబడితే మీరు ఆగలేరు. మొదటి రెండు మూడు వారాలు పిల్లలు గోల చేస్తారు. తిరిగొచ్చాక పిల్ల గౌను తిరగేసి తొడిగి ఉంటే దాన్ని సరిచేయకండి, కనీసం ఆయన ఎదురుగా. సరిచేస్తే వచ్చే శనివారం ఆయన మిమ్మల్నే పిలుస్తారు. ఆయనకూ ఒక గంటన్నర ఇవ్వండి, వేరే రోజు. అప్పుడు అది దయతో ఇచ్చింది కాక ఒప్పందం అవుతుంది.

ఇక సండే స్కూల్. దేవుని కోపం సంగతి పక్కనపెట్టి, ఆ తరగతి మిమ్మల్ని ఏం చేస్తోందో చూడండి. శనివారం రాత్రి బొమ్మలు కత్తిరిస్తూ పన్నెండు దాకా కూర్చుంటున్నానని రాశారు. అలసట అక్కడుంటే తరగతి మానక్కర్లేదు, బొమ్మలు మానవచ్చు. ఐదారేళ్ల పిల్లలకు ఒక కథ, ఒక పాట, ఒక వచనం చాలు. కథను వాళ్లచేతే నటింపజేస్తే పది నిమిషాలు గడుస్తాయి, కత్తెర పని ఉండదు. అలా చేసి చూసినా ఆదివారం అంటే గుండె బరువెక్కుతుంటే, ఇంకొకరితో పంచుకోండి, వారం మార్చి వారం. దీనివల్ల పిల్లలు కొంత తికమకపడతారు, ఇద్దరు టీచర్లు ముందే పాఠాలు అనుకోవాలి. పూర్తిగా ఆపాలనుకుంటే ఆపవచ్చు, కానీ ఉన్నట్టుండి వద్దు. పాస్టరుగారికి ఆరు వారాల ముందు చెప్పండి, "చిన్నదానికి రెండేళ్లు నిండేదాకా" అని గడువు పెట్టండి. గడువు పెట్టకుండా మానితే సంఘంలో నాలుగు రకాలుగా అనుకుంటారు, మీకూ తిరిగి మొదలుపెట్టడం కష్టమవుతుంది. గడువు పెడితే ఆ ఆరు వారాల్లో ఇంకొకరు మీ పక్కన కూర్చుని నేర్చుకుంటారు. ఆ పిల్లల్లో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటే కొట్టుకుంటారో కూడా ఆ టీచరుకు చెప్పి వెళ్లండి.